అప్‌డేట్: ఫెయిరీ క్వీన్‌ని పట్టాల మీద లాక్కొస్తారా, లారీ మీదా?

స్పెషల్ ట్రిప్పులకి పాత ఆవిరి ఇంజన్లను స్టేషన్ దాకా ఎలా తెస్తారని అడిగాను కదా, జవాబులిచ్చినవాళ్లకి థాంక్స్. ఈలోగా హర్యానాలోని రేవాడి ఆవిరి ఇంజన్ల షెడ్ కూడా చూసొచ్చాను.

అసలు విషయం గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం. 1855లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో తయారైన ఆవిరి ఇంజన్ ఫెయిరీ క్వీన్ బ్రాడ్‌గేజ్ బండి (ఇప్పటి మన మామూలు పట్టాలదే, 1,676 మి.మీ.), కాబట్టి తన చక్రాల మీదే రాగలదు. నిప్పు ఆర్పేసి డీజిల్ ఇంజన్‌తో లాగాలంటే మాత్రం, ఆవిరి లేకుండా పిస్టన్ కదిలితే సిలిండర్‌కి నూనె సరిగా అందక గీసుకుపోతుంది, అందుకే దూరం ఎక్కువైతే పిస్టన్ నుంచి చక్రానికి వెళ్లే రాడ్డు ముందే విప్పేస్తారు. ఇరుసు బేరింగులూ పాతరకమే, వేగంగా లాగితే వేడెక్కిపోతాయి, కాబట్టి మెల్లగా, మధ్యమధ్యలో ఆపి చెయ్యి పెట్టి చూసుకుంటూ వెళ్లాల్సిందే.

మీటర్‌గేజ్ (పట్టాల మధ్య మీటరు దూరం) ఇంజన్ అయితే వేరే గోల. దారంతా బ్రాడ్‌గేజ్ అయిపోయింది కాబట్టి క్రేన్‌తో ఎత్తి, బాయిలర్ నీళ్లు వదిలేసి, టెండర్ (వెనకాల బొగ్గు, నీళ్లు మోసే బండి) విడదీసి, ట్రైలర్ మీద గొలుసులతో కట్టాలి. నాకైతే చూడ్డానికే టెన్షన్!

అన్నట్టు, దొంగలు భాగాలు ఎత్తుకుపోయాక ఫెయిరీ క్వీన్‌ని బాగుచేసింది చెన్నైలోని పెరంబూరు లోకో వర్క్స్‌లోనట. 2017లో మళ్లీ నడిచింది.