అటక మీది బ్రోమైడ్ పేపర్, డికాక్షన్ రంగు డెవలపర్: పనికొస్తాయా?

మేడగది (వడపళని):
అందరికీ నమస్కారం. మా మేనమామ ఫోటో స్టూడియో మూసేసి 12 ఏళ్ళయింది. మొన్న అటక సర్దుతుంటే నెగటివ్‌ని పెద్దది చేసి పేపర్ మీద వేసే ఎన్‌లార్జర్‌తో పాటు రెండు ఫోటో పేపర్ డబ్బాలు బయటపడ్డాయి. ఒకటి ఊటీ ‘ఇందు’ బ్రోమైడ్, గ్రేడ్ 2 (మధ్యస్థ కాంట్రాస్ట్), సీలు కూడా తీయలేదు, ఎప్పుడు కొన్నాడో మామయ్యకే గుర్తులేదు. రెండోది ఇల్ఫోర్డ్ మల్టీగ్రేడ్ ఆర్‌సీ (ప్లాస్టిక్ పూత పేపర్, ఫిల్టర్ మార్చి కాంట్రాస్ట్ మార్చుకోవచ్చు), సగం వాడింది, 2011లో కొన్నానంటున్నాడు. పేపర్ మీద బొమ్మను తేల్చే డెవలపర్ మాత్రం నాదే. పోయిన దీపావళికి కలిపిన కొడాక్ డెక్టాల్, ప్లాస్టిక్ క్యాన్‌లో సగం మిగిలింది, రంగు చూస్తే అచ్చం ఫిల్టర్ కాఫీ డికాక్షన్. నిన్న రాత్రి బాత్రూమ్‌లో కూర్చుని ఎనిమిది ప్రింట్లు వేస్తే ఎనిమిదీ బూడిద పూసినట్టు వచ్చాయి. నలుపు నలుపులా లేదు, తెల్లగా ఉండాల్సిన అంచుల్లోనూ మసక. రెండు డబ్బాలదీ అదే కథ. పేపర్ పారెయ్యాలా, డెవలపర్ పారెయ్యాలా?

హైపో బాబాయ్ (అంబత్తూరు):
డెవలపర్ పారబోసెయ్ బాబూ, దానికి చర్చ కూడా ఎందుకు. డెక్టాల్ స్టాక్ (ఇంకా పలచన చెయ్యని ద్రావణం) నిండు సీసాలో మూత బిగించి పెడితే 6 నెలలు, సగం ఖాళీ సీసాలో 2 నెలలు అని కొడాక్ వాళ్ళే చెప్పేవారు. నీది సగం క్యాన్, పైగా చెన్నై ఎండలు చూసింది. లేత టీ రంగు దాకా నేనూ వాడేవాణ్ణి, డికాక్షన్ అయ్యాక వాడి నలుపు రాలేదంటే ఎలా?

పేపర్ విషయంలో మాత్రం తొందరపడకు. కొత్త డెవలపర్ కలుపుకుని, ఎర్ర లైటు కూడా ఆర్పేసి, చిమ్మచీకట్లో ఒక్కో డబ్బా మధ్యలోంచి ఒక షీటు తీసి రెండు ముక్కలు చెయ్యి. ఒక ముక్క మూల కత్తిరించి నేరుగా హైపోలో (బొమ్మను స్థిరపరిచే ద్రావణం) వెయ్యి. రెండో ముక్క 2 నిమిషాలు డెవలపర్‌లో ఉంచి, డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్‌లో ముంచి, అప్పుడు హైపోలో వెయ్యి. బాగా కడిగి వెలుతుర్లో పక్కపక్కన పెట్టు. రెండూ ఒకే తెలుపైతే పేపర్ క్షేమం. డెవలపర్‌లో మునిగింది బూడిదగా ఉంటే ఫాగ్, అంటే ఉండకూడని మసక, పట్టినట్టే. ఇంకో ముక్క ట్యూబ్‌లైట్‌కి చూపించి డెవలపర్‌లో వెయ్యి, నిమిషంలో కాటుకలా నల్లబడాలి.

కొత్తగా కడుగుతున్నా (జయనగర్, బెంగళూరు):
బాబాయ్ గారూ, మధ్యలో దూరుతున్నా. ట్రేలో పోసిన డెవలపర్ ఎన్నాళ్ళుంటుంది? నేను పైన ప్లాస్టిక్ కవర్ కప్పి మూడ్రోజులు వాడతాను, మా ఊరు చల్లగా ఉండబట్టో ఏమో ఇప్పటిదాకా ఏమీ కాలేదండీ.

హైపో బాబాయ్:
ఏమీ కాలేదని నీకెలా తెలుసమ్మా? మొదటిరోజు ప్రింట్, మూడోరోజు ప్రింట్ పక్కపక్కన పెట్టి చూశావా? బొమ్మ తొలి ఛాయ ఎన్ని సెకన్లకు తేలుతోందో లెక్కపెట్టు. 10 సెకన్లకు తేలేది 20కి పోయిందంటే అది అలసిపోయింది. నీళ్ళు కలిపి ట్రేలో పోశాక ఒక్క రోజు, అంతే. మేమైతే రాత్రి పని అయ్యాక మోరీలో పోసి ట్రే కడిగి బోర్లించేవాళ్ళం.

స్టాక్ నిలవ ఉండాలంటే చిన్న గాజు సీసాల్లో మెడదాకా నింపు, తగ్గేకొద్దీ గోలీలు వేస్తూ పో, గాలికి చోటు ఉండకూడదు. డెవలపర్‌ని పాడుచేసేది గాలే. మా వీధి పిల్లల గోలీలన్నీ మా సీసాల్లోనే ఉండేవి.

గ్రేడ్ ఐదు (మల్లేశ్వరం, బెంగళూరు):
నాకు ఇందులో ఒకటి తేడాగా ఉంది. నా దగ్గర 2009 నాటి మల్టీగ్రేడ్ ఉంది, 5వ నంబర్ ఫిల్టర్ పెట్టినా 3 పెట్టినంత కాంట్రాస్టే వస్తుంది, కానీ అంచులు ఇప్పటికీ తెల్లగానే ఉన్నాయి. ఈ రకం పేపర్ పాతబడితే నా అనుభవంలో ముందు పోయేది కాంట్రాస్ట్, ఫాగ్ తర్వాత. 2011 డబ్బా, అదీ ఆర్‌సీ, అంచులతో సహా మసకబారిందంటే... మీ ఎర్ర లైటు ఏంటండీ?

ఫ్రిజ్ గురించి కూడా చెప్పేస్తా, ఎవరో ఒకరు అడుగుతారు. పెట్టొచ్చు, కానీ తీసిన వెంటనే డబ్బా తెరవొద్దు. నేను ఆత్రం పట్టలేక తెరిచాను, షీట్లకు చెమట పట్టి ఒకదానికొకటి అంటుకుపోయాయి, 25 షీట్లు చెత్తబుట్టకి. ఇప్పుడు ముందు రోజు రాత్రే బయట పెడతాను.

మేడగది:
గ్రేడ్ ఐదు గారూ, మీకు దండం. పారీస్ కార్నర్ వెళ్ళి కెమికల్స్ తెచ్చి డెక్టాల్ లాంటి డెవలపరే, డీ-72 కలిపాను. చిమ్మచీకట్లో చూస్తే మల్టీగ్రేడ్ ముక్కలు రెండూ ఒకే తెలుపు! ఇందు ముక్క మాత్రం బూడిదే. లైటు మామయ్య కాలం నాటి ఎర్ర జీరో బల్బు. స్టూలెక్కి చూశాను, హోల్డర్ పక్కన పెయింట్ పెచ్చూడి గోరంత తెల్లటి వెలుగు నేరుగా ట్రే మీద పడుతోంది. నమ్మకం చాలక మల్టీగ్రేడ్ ముక్క మీద రూపాయి బిళ్ళ పెట్టి ఆ బల్బు కిందే 5 నిమిషాలు అలాగే వదిలేసి కడిగితే, చుట్టూ బూడిద, మధ్యలో తెల్లటి గుండ్రం. ఆ డికాక్షన్‌లో ట్యూబ్‌లైట్ ముక్క వేస్తే మూడు నిమిషాలైనా గోధుమరంగు దాటలేదు, కొత్తదాంట్లో నిమిషం లోపే నల్లబడింది. మూడు తప్పులు ఒకే రాత్రి చేశానన్నమాట.

హైపో బాబాయ్:
ఊటీ చలిలో పుట్టిన పేపర్‌ని మేడమీది అటకలో ఎండబెడితే ఏమవుతుంది మరి. పారెయ్యకు. ఫాగ్ తగ్గించే బెంజోట్రయజోల్ 1 శాతం ద్రావణం చేసుకో, వేణ్ణీళ్ళలో కరుగుతుంది. పని చేసే డెవలపర్ లీటరుకు 10 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచు. పేపర్ వేగం తగ్గుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ పెంచాలి, టోన్ కాస్త నీలంగా తిరుగుతుంది. పొటాషియం బ్రోమైడ్ పెంచినా ఫాగ్ తగ్గుతుంది, కాకపోతే టోన్ వెచ్చగా పోతుంది.

గ్రేడ్ ఐదు:
అప్పటికీ పోకపోతే లిత్ ప్రింటింగ్‌కి (బాగా పలచన చేసిన ప్రత్యేక డెవలపర్‌తో వేసే పద్ధతి) దాచండి, పాత పేపర్లు దానికి భలే ఉంటాయి. అన్నీ కాదు, కొన్ని అసలు స్పందించవు.

మేడగది:
15 మిల్లీలీటర్ల దగ్గర అంచులు తేరుకున్నాయి. పూర్తి తెలుపు కాదు, పాత పెళ్ళి ఆల్బమ్ తెలుపు. 12 సెకన్ల ఎక్స్‌పోజర్ కాస్తా 20 అయింది. మామయ్యకు చూపిస్తే తిప్పితిప్పి చూసి, “ఈ టోన్‌లో ఇస్తే అప్పట్లో మళ్ళీ కడిగి తెమ్మనేవాళ్ళురా” అన్నాడు, కానీ ప్రింట్ మాత్రం తిరిగివ్వలేదు.

కొత్తగా కడుగుతున్నా:
ఆ డీ-72 కొలతలు కూడా పెట్టండి ప్లీజ్.

మేడగది:
లీటరుకు: మెటాల్ 3 గ్రాములు, సోడియం సల్ఫైట్ 45, హైడ్రోక్వినోన్ 12, సోడియం కార్బొనేట్ 67.5, పొటాషియం బ్రోమైడ్ 2. 50 డిగ్రీల నీళ్ళు అర లీటరు తీసుకుని ఇదే వరుసలో కరిగించి, మిగతాది చల్లటి నీళ్ళతో నింపాలి. వాడేటప్పుడు ఒక వంతుకు రెండు వంతుల నీళ్ళు. మా బోరు నీళ్ళతో తెల్లటి మడ్డి కట్టింది, అందుకే క్యాన్ వాటర్ వాడాను.

హైపో బాబాయ్:
ఆ 67.5 నీరు లేని పొడి కార్బొనేట్ లెక్క. చాకలి సోడా స్ఫటికాలు తెస్తే దాదాపు 2.7 రెట్లు వెయ్యాలి. మేడగదీ, ముందు ఆ బల్బు మార్చు.