జీతాల ఫైళ్లు నెట్‌వర్క్ అడ్మిన్‌కి కనపడకూడదు అనడం తప్పా?

పేరోల్‌డెస్క్:
జీతాల ఫోల్డర్‌కి నాకూ మా మేనేజర్‌కే పర్మిషన్ ఉంది, అడ్మినిస్ట్రేటర్స్ గ్రూప్‌ని కూడా తీసేయించాం, ఇంక భయం లేదనుకున్నా. మొన్న మా అడ్మిన్ నా ముందే ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ అని నొక్కుకుంటూ వెళ్లి ఓనర్ దగ్గర తన పేరు పెట్టుకున్నాడు, నిమిషం పట్టిందేమో, అందరి ఇంక్రిమెంట్లూ స్క్రీన్ మీద ఉన్నాయి. మంచోడే, నాకు చూపించడానికే చేశాడు, కానీ గుండె జారిపోయింది. బ్యాకప్ తీసే హక్కు వాళ్లకి ఉండాల్సిందే, చదివే హక్కు ఎందుకు?

సర్వర్‌రూమ్:
పన్నెండేళ్లుగా అడ్మిన్ పనిలోనే ఉన్నా అండి, ఎవరి జీతమూ తెరిచి చూడలేదు. మా దగ్గర అకౌంట్స్ చూసే ఆవిడ మానేసి వెళ్లిపోయారు, ఎక్సెల్ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు, ఆడిట్ రేపనగా అందరూ నా మీద పడ్డారు. 2007 నుంచి ఎక్సెల్ వాడేది ఏఈఎస్ అనే గట్టి ఎన్‌క్రిప్షన్, అంటే పాస్‌వర్డ్ లేకపోతే చదవలేనట్టు ఫైల్‌ని మార్చేస్తుంది, పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైల్ లాగా ఊరికే ఊడిరాదు. ఆ ఏడాది లెక్కలన్నీ మళ్లీ కూర్చుని కొట్టారు.

ఫైల్‌కాపలా:
ఇద్దరి బాధా నిజమే, కానీ నేను పేరోల్ వైపే. పర్మిషన్ తాళం కాదు, అడ్మిన్ చెరిపి మళ్లీ రాసుకునే లిస్టు. మొత్తం డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ బిట్‌లాకర్ కూడా డిస్క్ ఎవరైనా ఎత్తుకుపోతే పనికొస్తుంది గానీ నడుస్తున్న సర్వర్‌లో అడ్మిన్‌ని ఆపదు. ఫైళ్లని విడిగా ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ ఈఎఫ్ఎస్ పెడితే, డొమైన్‌లో (ఆఫీసు కంప్యూటర్లన్నీ ఒకేచోట నుంచి నడిపే ఏర్పాటులో) మామూలుగా రికవరీ ఏజెంట్, అంటే అవసరమైతే ఆ ఫైళ్లు తెరవగల ఖాతా, డొమైన్ అడ్మినిస్ట్రేటరే, అది మార్చకపోతే తాళం చెవి మళ్లీ అక్కడికే పోతుంది. అందుకే ఫైల్‌కే పాస్‌వర్డ్ పెట్టి ఎన్‌క్రిప్ట్ చేసి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి సీల్ కవర్‌లో డైరెక్టర్ బీరువాలో పెట్టాలి, అప్పుడు మనిషి వెళ్లిపోయినా ఫైల్ పోదు. ఇంకోటి, ఆ ఫైల్ తెరిచే పీసీ కూడా అడ్మిన్ చేతిలోనే ఉంటుంది కదా, కీలాగర్ (నొక్కిన ప్రతి కీనీ రాసుకునే ప్రోగ్రామ్) పెడితే పాస్‌వర్డ్ దొరికిపోతుంది, కాబట్టి ఎవరు ఎప్పుడు ఏం చేశారో రాసుకునే ఆడిట్ లాగ్ వాళ్ల చెయ్యి తగలని ఇంకో మెషీన్‌కి వెళ్లాల్సిందే. విండోస్ సెక్యూరిటీ లాగ్ చెరిపితే, చెరిపారని 1102 నంబర్‌తో ఒక ఎంట్రీ పడుతుంది, అదీ అక్కడికి చేరాలి. 2013లో అడ్మిన్‌గా పనిచేసిన స్నోడెన్ రహస్య ఫైళ్లు బయటపెట్టాక అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ కూడా అడ్మిన్ల మీద ఇద్దరు మనుషుల రూల్ (ఒక్కరే చేయకుండా ఇంకొకరు కూడా ఉండాలని) పెట్టింది, అంతమాత్రాన అందరినీ దొంగలన్నట్టు కాదు కదా.

సర్వర్‌రూమ్:
లాగ్ బయటికి పంపడం నాకూ మంచిదే, రేపు ఏదైనా లీకైతే నేను కాదని చూపించుకోవచ్చు. కవర్‌కీ ఒప్పుకుంటా. కానీ డైరెక్టర్ ఊళ్లో లేనప్పుడు ఆ బీరువా ఎవరు తీస్తారో ముందే రాసి సంతకం పెట్టించండి, లేకపోతే రాత్రి రెండింటికి ఫోన్ మళ్లీ నాకే వస్తుంది.