ఐఈఎల్‌టీఎస్‌లో 7 వచ్చినా క్లాసులో సగం అర్థం కావట్లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండో_వరస:
మాస్టర్స్ మొదటి సెమిస్టర్. ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లీషు పరీక్ష) మొత్తం 9కి 7, లిజనింగ్‌లో 7.5. స్లైడ్లు చదివితే అర్థమవుతున్నాయి, అవే మాటలు ప్రొఫెసర్ నోట వింటే అందట్లేదు. ఒక వాక్యం జారితే దాని గురించి ఆలోచించేలోపు ఇంకో రెండు పోతున్నాయి. ట్యుటోరియల్‌లో (కొద్దిమందితో జరిగే చర్చా క్లాసు) అయితే నేను చెప్పాలనుకున్నది మనసులో కుదిరేసరికి చర్చ ఎక్కడికో వెళ్లిపోతోంది. ఎవర్ని అడిగినా "సినిమాలు చూడు, అదే అలవాటవుతుంది" అంటున్నారు. అంతకంటే పద్ధతిగా చేయగలిగింది ఏమైనా ఉందా? రోజుకో గంట పెట్టగలను.

చెవిపోగు:
సినిమాల సలహా పక్కన పెట్టేయండి. అక్కడ డైలాగులు పొట్టివి, సగం అర్థం బొమ్మే చెప్పేస్తుంది. ఒకే మనిషి యాభై నిమిషాలు ఒకే వాదనను లాక్కెళ్లడం ఏ సినిమాలోనూ ఉండదు.

మీ స్కోరు అబద్ధం కాదు, పరీక్ష వేరు. ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్‌లో రికార్డింగ్ ఒక్కసారే వినిపించినా, ముందుగా ప్రశ్నలు చదువుకునే వ్యవధి ఇస్తారు. దేనికోసం వినాలో తెలిసే వింటారు. పైగా నాలుగు భాగాల్లో మొదటి రెండూ రోజువారీ వ్యవహారాలు, లెక్చర్‌లా నడిచేది నాలుగోది ఒక్కటే.

ముందు రోగం తేల్చుకోండి. క్లాసు రికార్డింగ్‌లో 90 సెకన్ల ముక్క తీసుకుని, క్యాప్షన్లు ఆపేసి, విన్నది విన్నట్టు పొల్లుపోకుండా రాయండి. ఏ వాక్యాన్నీ మూడుసార్లకు మించి వినొద్దు. తర్వాత క్యాప్షన్లతో సరిచూసుకుంటూ తప్పిన ప్రతిచోటా గుర్తు పెట్టండి. అసలు మాటే తెలియకపోతే 'మా'. తెలిసిన మాటే చెవికి చిక్కకపోతే 'చె'. మాటలన్నీ రాసినా వాక్యం ఏం చెప్తోందో తెలియకపోతే 'వా'. చదివితే అర్థమవుతోంది అంటున్నారు కాబట్టి మీకు 'చె'లే ఎక్కువ తేలతాయని నా అంచనా. (ఆటోమేటిక్ క్యాప్షన్లు పేర్ల దగ్గర, సాంకేతిక పదాల దగ్గర తప్పులు రాస్తాయి. అక్కడ స్లైడ్‌నే నమ్మండి.)

'చె' ఎందుకొస్తుందంటే, తెలుగులో హ్రస్వమైనా దీర్ఘమైనా ప్రతి అక్షరానికీ దాని వాటా దక్కుతుంది. ఇంగ్లీషులో ఒత్తి పలికిన అక్షరాలే నిలబడి, మధ్యవి నలిగిపోతాయి. 'వాట్ ఆర్ యూ గోయింగ్ టు డూ' కాస్తా 'వాట్ య గన డూ' అవుతుంది. 'షుడ్ హావ్' 'షుడవ్' అవుతుంది, 'డిడ్ యూ' 'డిజూ' అవుతుంది. 'కెన్', 'కాంట్' దగ్గర మరీ ప్రమాదం. వేగంలో చివరి 'ట్' చాలాసార్లు వినపడదు. అచ్చు నలిగి 'కన్' అని తేలిపోతే చేయవచ్చని, నిండుగా పలికితే చేయలేమని. అంకెల్లో 'ఫిఫ్టీన్', 'ఫిఫ్టీ' కూడా అంతే: విడిగా పలికినప్పుడు ఒత్తు చివర పడితే 15, మొదట్లో పడితే 50.

దీనికి మందు షాడోయింగ్. అదే 90 సెకన్ల ముక్కను క్యాప్షన్ చూస్తూ ఒకసారి, చూడకుండా ఒకసారి వినండి. ఆపైన మాట్లాడే మనిషి వెంటే, అర సెకను వెనకగా, పైకి పలకండి. ఆయన నలిపిన చోట మీరూ నలపాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, ప్రతి మాటనీ శుభ్రంగా పలికేస్తారు. అలా ఎన్నిసార్లు చేసినా చెవి మారదు. వేగం 0.75కి తగ్గించుకోవచ్చు. 0.5కి పోతే శబ్దం సాగిపోయి ఎక్కడా వినని భాషలా ఉంటుంది. చివరిసారి మాత్రం మామూలు వేగంలోనే. రోజుకు 20 నిమిషాలు చాలు, కానీ మీ ప్రొఫెసర్ గొంతుతోనే చేయండి. ఆయన యాసే కదా రేపు వినాల్సింది.

పదాలపెట్టె:
పై జవాబు బాగుంది గానీ 'మా'ని అంత తేలిగ్గా వదిలేయొద్దు. లెక్చర్ నిమిషానికి 150 మాటల చొప్పున నడుస్తోందనుకోండి. మీకు 95 శాతం తెలిస్తే నిమిషానికి ఏడెనిమిది తెలియనివి తగులుతాయి. 98 శాతం తెలిస్తే మూడే. చదివేటప్పుడు ఆగి ఊహించుకునే వీలుంది కాబట్టి 95 సరిపోతుంది అనిపిస్తుంది. వినేటప్పుడు ఆ ఏడెనిమిదే ముంచుతాయి.

సబ్జెక్టు పదాలు ఎలాగూ పుస్తకంలో దొరుకుతాయి. ఏ సబ్జెక్టులోనైనా ఎదురయ్యే మామూలు విద్యా పదాలే జనం పట్టించుకోరు. ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్ చూడండి. అందులో 570 పద కుటుంబాలున్నాయి (ఒక మాట, దాని నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం), విద్యా గ్రంథాల్లో వచ్చే మాటల్లో దాదాపు పదో వంతు అవే. తెలిసినవి కొట్టేసి మిగతావి రోజుకు పది చొప్పున అంకీలో (గుర్తుపెట్టుకోవడానికి కార్డులు చూపించే యాప్) వేసుకున్నా రెండు నెలల్లోపు అయిపోతాయి. కార్డు ముందువైపు స్పెల్లింగ్ పెట్టొద్దు, ఆడియో పెట్టండి. అర్థం, ఒక వాక్యం వెనకవైపు. స్పెల్లింగ్ చూసి గుర్తుపట్టడం మీ కంటికి ఇప్పటికే వచ్చు.

క్లాసుకు ముందు 15 నిమిషాలు స్లైడ్ల శీర్షికలు చూసి మూడు ప్రశ్నలు రాసుకోండి. పరీక్షలో వాళ్లు ఇచ్చే ప్రశ్నల్ని ఇక్కడ మీరే తయారుచేసుకుంటున్నారన్నమాట. క్లాసులో పూర్తి వాక్యాలు రాయొద్దు, రాస్తుంటే వినలేరు. స్లైడ్ నంబరు, పక్కన రెండు మూడు మాటలు చాలు. వాక్యం జారిందా, దాని వెంట పడకండి. కాస్త ఖాళీ వదిలి, మొదలై ఎన్ని నిమిషాలైందో వేయండి: '23'. సాయంత్రం రికార్డింగ్‌లో నేరుగా అక్కడికే వెళ్లొచ్చు. తిరిగి దారి అందుకోవడానికి 'హవెవర్', 'సో ద పాయింట్ ఈజ్', 'లెట్స్ మూవ్ ఆన్' లాంటి మలుపుల కోసం కాచుకోండి.

యూనివర్సిటీ రికార్డింగ్ ఇవ్వకపోతే మీరే చేసుకునే ముందు ప్రొఫెసర్ని అడగండి. చెప్పకుండా చేస్తే చాలాచోట్ల నిబంధనలకు విరుద్ధం.

రెండో_వరస:
చేసి చూశాను. 'చె'లే ఎక్కువ, 'వా' దాదాపు లేదు. మరి ట్యుటోరియల్ సంగతి? ఇంకోటి, ఇంట్లో నలుగురం తెలుగువాళ్లమే. ఇల్లు మారమంటున్నారు కొందరు.

మూలకుర్చీ:
ట్యుటోరియల్‌లో మొదటి పది నిమిషాల్లోనే ఒకసారి మాట్లాడేయండి. అప్పటికి చర్చ ఇంకా అందరూ చదివొచ్చిన పాఠం చుట్టూనే ఉంటుంది, మీరు ముందే సిద్ధం చేసుకున్నది సరిపోతుంది. తర్వాత అది ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. మూడు వాక్యాలు చాలు: ఫలానా పేజీలో రచయిత ఇలా అన్నాడు, నాకు ఫలానా చోట పొసగలేదు, మీకెలా అనిపించింది? చివరిది ప్రశ్న కావడంతో మాట అవతలివాళ్లకు వెళ్లిపోతుంది. మీరు పొడిగించక్కర్లేదు, పైగా వచ్చే జవాబు మీ ప్రశ్న గురించే కాబట్టి వినడమూ సులువు.

అర్థం కానప్పుడు 'ఒన్స్ మోర్ ప్లీజ్' అంటే అవతలి మనిషి అదే వాక్యాన్ని అదే వేగంతో మళ్లీ చెప్తాడు. మీకు అందినంతవరకు మీరే చెప్పి ఆపండి: "శాంపిల్ పెంచితే తేడా తగ్గుతుందన్నారు, ఆ తర్వాత?" అప్పుడు జారిన ముక్కే వస్తుంది.

'ఆఫీస్ అవర్స్' అంటే ఆఫీసు తెరిచి ఉండే వేళలు అనుకుని వెళ్లనివాళ్లు ఎంతమందో. అది విద్యార్థుల కోసమే కేటాయించిన సమయం. స్లైడ్ నంబరు, అందులో మీరు ఆగిపోయిన లైను పట్టుకుని వెళ్లండి. "లెక్చర్ అర్థం కాలేదు" అంటే ఆయన ఎక్కడ మొదలుపెట్టాలి పాపం? ఇలా ఎదురెదురుగా పది నిమిషాలు మాట్లాడితే ఆయన గొంతు కూడా చెవికి అలవాటవుతుంది.

చెవిపోగు:
ఇల్లు మారాలా అన్నదానికి నా ఓటు వద్దనే. పరాయి భాషలో నాలుగైదు గంటలు విన్నాక బుర్ర అలసిపోతుంది, ఇంట్లో తెలుగు దానికి విశ్రాంతి. చిక్కు ఎక్కడొస్తుందంటే గ్రూప్ ప్రాజెక్టుకు, లైబ్రరీకి, లంచ్‌కు కూడా అదే నలుగురు కలిసి వెళ్లినప్పుడు. ప్రాజెక్టు గ్రూపు మాత్రం వేరేవాళ్లతో కట్టండి. డెడ్‌లైన్ ఉంటుంది కాబట్టి మొహమాటపడినా మాట్లాడక తప్పదు. షాడోయింగ్ ఉదయం పూట పెట్టుకోండి, క్లాసులయ్యాక చేస్తే పెదాలు కదులుతాయి గానీ చెవి వినదు. 'చె'లు తగ్గుతున్నాయో లేదో చూడాలంటే రెండు వారాలకోసారి కొత్త 90 సెకన్ల ముక్క తీసుకోండి, పాతది అయితే గుర్తుండిపోయి లెక్క తప్పుతుంది.