"ఏమోయ్ వేల్స్!" అన్న కేక గురించి

తెనాలి పాఠకుడు: పారిస్‌లోని మూలాన్ రూజ్ నాట్యశాల నర్తకి లా గూల్యూ నాట్యం మధ్యలో వేల్స్ యువరాజును (విక్టోరియా రాణి కొడుకును) చూసి వేసిందని చెప్పే కేక కొద్ది రోజులుగా వేధిస్తోంది. "ఏమోయ్ వేల్స్! షాంపేన్..." తర్వాత ఏమిటి? "ఖర్చు నీదే" అనా, "నువ్వు ఇప్పిస్తావా, మీ అమ్మ ఇప్పిస్తుందా" అనా? రెండూ చదివిన గుర్తు.

నిఘంటుప్రియ: రెండూ ప్రచారంలో ఉన్నాయి. "తూ పే" అంటే డబ్బు కట్టేది నువ్వు. "తూ రెగాల్" అంటే విందు నీది. ఫ్రెంచివారు వేల్స్‌ను "గాల్" అంటారు కనుక గాల్‌కు రెగాల్ ప్రాస. ఆ ప్రాస అంత నున్నగా కుదరడమే నాకు అనుమానం. కాలు పైకెత్తి ఒంటికాలి మీద తిరుగుతున్న మనిషి నోట అప్పటికప్పుడు వచ్చింది "పే" అయివుంటుంది. "రెగాల్" తర్వాత ఎవరో దిద్దినది.

పారిస్ తెలుగువాడు: అంగీకరించను. మూలాన్ రూజ్ ఉన్న మోంమార్త్ర్ వాడలో ప్రాస కట్టడం కూలివాడికీ వచ్చు. అక్కడి పాటగాడు బ్రూఆంను మరిచిపోతే ఎలా? షా నువార్ అనే పానశాల ఖాళీ చేసిన గదుల్లోనే 1885లో ఆయన మిర్లితోన్ అనే తన పానశాల తెరిచాడు. లోపలికి వచ్చిన ధనికులను ముఖం మీదే తిట్టేవాడు. వాళ్లు ఆ తిట్ల కోసమే వచ్చేవారు. వీధి యాసను పాటలోకి తెచ్చిన కవి ఆయన. నల్ల కోటు, ఎర్ర కండువాతో ఆయనను చిత్రకారుడు లోత్రెక్ వేసిన ఆ పోస్టరు చూస్తే మనిషి ఎలాంటివాడో తెలుస్తుంది. నాకు ప్రాణం ఆయనంటే.

తెనాలి పాఠకుడు: బ్రూఆం సరే. నా సందేహం "ఏమోయ్" మీద. ఫ్రెంచిలో ఉన్నది "తూ", అంటే "నువ్వు" మాత్రమే. "ఏమోయ్" ఎక్కువ కాదా?

నిఘంటుప్రియ: ఎక్కువ కాదు, తక్కువే. ఆమె అసలు పేరు లూయీజ్ వెబర్. బల్లల మధ్య తిరుగుతూ అతిథుల గ్లాసులు ఖాళీ చేసేది కనుక "తిండిపోతు" అనే అర్థంలో లా గూల్యూ అన్న పేరు వచ్చింది. ఎదుటి మగవాడి తల మీది టోపీని కాలి కొనతో ఎగరగొట్టేది. మూలాన్ రూజ్ 1889 అక్టోబరులో తెరిచినప్పుడు జనం చూడవచ్చింది ఆ కాలినే. టోపీ తీయడం మర్యాద కదా, ఆ మర్యాదను ఆమె కాలితో చేయించేది. అలాంటి మనిషి మాటకు "నువ్వు" చాలదు.

పద్యవ్యసని: ఒక్క మాట. తెలుగులో రాజును "నువ్వు" అనడం ధిక్కారమే కాదు. పద్యంలో దేవుడూ రాజూ అందరూ "నీవే". శ్రీనాథుడైతే ఇంకా ముందుకు పోయి సాంపరాయని తెలుంగరాయణ్ణి "కస్తూరికా భిక్షాదానము సేయరా" అన్నాడు. ఆ "రా"లో చనువూ ఉంది, దర్జా కూడా ఉంది. అడుగుతున్నది భిక్ష, అడిగే తీరు మాత్రం బాకీ వసూలు. ఆ కస్తూరి దాక్షారామ భామినుల ఎదలపై పరిమళించాలట! షాంపేన్ అడిగిన నర్తకి సరిగ్గా ఈ గొంతుతోనే అడిగింది. కనుక "ఇప్పించరా వేల్స్" అనాలి.

పారిస్ తెలుగువాడు: "రా" పెడితే ఆమె మగరాయుడిలా వినిపిస్తుంది. "ఏమోయ్"లో పలకరింపు ఉంది, నవ్వుంది. 1895లో మూలాన్ రూజ్ వదిలి సంతలో సొంత డేరా వేసుకున్నప్పుడు ఆమె బొమ్మలు గీసి పెట్టమని లోత్రెక్‌ను అడిగింది, ఆయన గీశాడు. తర్వాత ఎవరో ముక్కలుగా కోసి అమ్ముకున్న ఆ తెరలను మళ్లీ అతికించి ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో పెట్టారు. ఆ అతుకుల ముందు నిలబడితే ఆమెను "రా" అనే మనిషిగా ఊహించలేను.

నిఘంటుప్రియ: పద్యవ్యసని గారూ, మా గురువుగారు "సేయురా" అని చదివేవారు.

పద్యవ్యసని: "సేయరా" అనే నేర్చుకున్నాను. శార్దూలంలో అక్కడ లఘువే కావాలి, "య" అయినా "యు" అయినా గణం చెడదు. ఛందస్సు తేల్చదు, చెవే తేల్చాలి. "సేయురా"లో ఆజ్ఞ నెమ్మదిస్తుంది. రాజు ముందు శ్రీనాథుడు నెమ్మదించే రకం కాదు.

తెనాలి పాఠకుడు: మరి షాంపేన్ ఖర్చు ఎవరిదండీ?

నిఘంటుప్రియ: "యు" ఉన్న ముద్రణ ఒకటి ఇంట్లో ఉంది. రాత్రికి తీసి చూస్తాను.