అప్‌డేట్: అమ్మానాన్నలతో ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ యాత్ర

గైడ్ ఉన్న టూర్ మేలా, సొంతంగా వెళ్లడం మేలా అని అడిగాను కదా. గైడ్‌తోనే వెళ్లొచ్చాం. శుక్రవారం తాజ్‌మహల్‌కు సెలవని మీరు గుర్తు చేయడంతో ఆ రోజును ఫతేపూర్ సిక్రీకి మార్పించుకున్నాం. చాలా సంతోషం.

గైడ్ విలువ జైపూర్‌లోని పాతకాలపు ఖగోళ పరిశీలనశాల జంతర్ మంతర్‌లో తెలిసింది. 27 మీటర్ల ఎత్తున్న సమ్రాట్ యంత్రం అనే ఎండ గడియారం నీడతో 2 సెకన్ల తేడా వరకు కాలాన్ని ఎలా కొలవవచ్చో ఆయన వివరిస్తుంటే, లెక్కల మాస్టారైన నాన్నగారు ఎండను కూడా మరిచిపోయి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. అంత ఉత్సాహంగా ఆయనను చూసి ఎన్నాళ్లయిందో!

1799 నాటి హవామహల్‌ను మాత్రం బస్సులోంచే చూపించారు. అది అన్యాయం. అమ్మకు మోకాళ్ల నొప్పులు కావడంతో ఆమేర్ కోట పైకి జీపులో వెళ్లాం. ఎక్కడ ఎంతసేపు ఆపుతారో డబ్బు కట్టేముందే రాయించుకోండి.