అప్‌డేట్: రెండున్నరేళ్ల పాపకు పై ముందు పళ్లు గోధుమ రంగుకు మారి రాలుతున్నాయి (కారణం తేలింది)

మా అంగన్‌వాడీకి వచ్చే పాప పళ్లు ఇలా ఎందుకవుతున్నాయని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) టీమ్‌కు చూపించమన్న సలహా పనిచేసింది, వాళ్లే పిల్లల డెంటిస్ట్‌ దగ్గరికి పంపారు.

మాది నల్లగొండ వైపు కాబట్టి ఎక్కువమంది ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు వచ్చే మచ్చలు) అన్నారు. కాదు. మచ్చలు మెత్తగా ఉన్నాయి, కింది ముందు పళ్లు శుభ్రంగా ఉన్నాయి. వాటిని నాలుక, లాలాజలం కాపాడతాయి. సీసా వల్ల వచ్చే పుచ్చుకు ఇదే గుర్తు. ఐరన్ సిరప్ కూడా కారణం కాదు, ఆ మరక పైపైనే ఉంటుంది.

అసలు సంగతి ఇంట్లో సరుకుల కొరత. కూలి దొరకని రోజుల్లో పాపకు సీసాలో తీపి టీ, అయిదు రూపాయల బిస్కెట్లు, రోజంతా పొడిగా నమిలే బాలామృతం (అంగన్‌వాడీలో ఇచ్చే పిండి). అందులోనూ చక్కెర ఉంటుంది. ఎంత తిన్నదన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నదన్నదే పంటికి చేటు: తిన్న ప్రతిసారీ నోట్లో పుట్టే ఆమ్లం అరగంట దాకా పంటిమీద పనిచేస్తుంది. "బిస్కెట్లు మానిపించండి" అన్న సలహా ఆ ఇంట్లో కుదరదు, బదులు పెట్టడానికేమీ లేదు. కాబట్టి బాలామృతం నీళ్లలో కలిపి ఒక పూటకే, బిస్కెట్ అన్నంతోపాటే, మధ్యలో గుడ్డు లేదా నీళ్లు. రాత్రి సీసా బంద్.

మూడు పళ్లకు 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ (పుచ్చును ఆపే ద్రవ మందు) పూశారు. డ్రిల్లింగ్ లేదు, పుచ్చు ఆగింది. పూసినచోట నల్లబడి అలాగే ఉండిపోతుంది, తల్లికి ముందే చెప్పాలి. ఆరు నెలలకు మళ్లీ పూయాలి. నరం దాకా పుచ్చిన నాలుగోది తీసేశారు. ఇంట్లో బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్ట్, రోజుకు రెండుసార్లు, పెద్దవాళ్లే తోమాలి.