గుండెజబ్బు రాకుండా ఆపేవాటిలో పరిశోధనలు నిజంగా తేల్చినవి ఏవి?

పెద్దబజారు_కుర్రాడు, బరంపురం

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 54వ ఏట గుండెపోటు వచ్చింది. స్టెంటు వేశాక ఇప్పుడు కోలుకుంటున్నారు. నాకు 31 నిండాయి. పరామర్శకు వచ్చిన ప్రతివారూ ఒక్కొక్క వైద్యం చెప్పి వెళ్తున్నారు. ఒకరు పరగడుపున పచ్చి వెల్లుల్లి అంటే, మరొకరు తెల్లమద్ది బెరడు కషాయం అంటున్నారు. నాకు కావలసినవి పరిశోధనల్లో తేలిన సంగతులు మాత్రమే. వంటకు ఏ నూనె వాడాలి? నా ఎల్.డి.ఎల్. (చెడు కొలెస్టరాల్) 168 ఉంది, దాన్ని తగ్గించే మాత్ర ఇప్పటినుంచే మొదలుపెట్టాలా? నాన్నగారు వేసుకుంటున్న ఆస్పిరిన్ నేనూ వేసుకోవచ్చా? లైపోప్రోటీన్ (ఎ) అనే మరో రకం కొలెస్టరాల్ పరీక్ష చేయించుకోవడం అవసరమా? తెలిసినవారు చెప్పగలరు.

గుణుపురం_మేష్టారు

నాయనా, నేను 32 ఏళ్ళు సామాన్యశాస్త్రం చెప్పినవాణ్ణి, అచ్చులో చూడకుండా మాట్లాడే అలవాటు నాకు లేదు. 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో 52 దేశాల్లో మొదటిసారి గుండెపోటు వచ్చిన సుమారు 15 వేలమందినీ, రానివాళ్ళను దాదాపు అంతే మందినీ పోల్చి చూశారు. పొగాకు, కొలెస్టరాల్ తీరు, రక్తపోటు, మధుమేహం, పొట్ట, మానసిక ఒత్తిడి వంటి తొమ్మిది కారణాలే పదింట తొమ్మిది గుండెపోట్లకు లెక్క చెప్పాయి. అదే సమాచారాన్ని 2007లో మళ్ళీ పరిశీలించినప్పుడు, గుండెపోటు వచ్చిన దక్షిణాసియా వాళ్ళలో సగం మందికి 53 ఏళ్ళలోపే వచ్చిందనీ, మిగతా దేశాల వాళ్ళకంటే ఇది దాదాపు ఆరేళ్ళు ముందనీ తేలింది. మీ నాన్నగారిది విడ్డూరమైన సంగతి కాదు.

ఇక నూనె. మూడు తరాలుగా ఒడిశా నేలమీద బతుకుతూ కూడా మన తెలుగువాళ్ళు ఆవనూనె వాసన తగిలితే ముక్కు మూసుకుంటారు. 2004లోనే ఢిల్లీ, బెంగళూరు ఆసుపత్రుల్లో 350 మంది గుండెపోటు రోగులనూ 700 మంది ఇతరులనూ అడిగి చూసిన అధ్యయనంలో, ఆకుకూరలు ఎక్కువగా తినేవాళ్ళలోనూ ఆవనూనెతో వండుకునేవాళ్ళలోనూ జబ్బు తక్కువగా కనిపించింది. నేను 20 ఏళ్ళుగా ఆవనూనె తప్ప మరొకటి ముట్టలేదు, 71వ ఏట మేడ మెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతున్నాను.

పర్లాకిమిడి_కోడలు

మేష్టారు గారూ, మీరు మెట్లు ఎక్కడం పరిశోధన కిందికి రాదు. నేను టెక్కలిలో పుట్టి పర్లాకిమిడిలో మెట్టాను. పుట్టింట్లో వేరుశనగ నూనె, అత్తవారింట్లో ఆవనూనె. ఈ తగువు నేను 18 ఏళ్ళుగా పొయ్యి దగ్గరే వింటున్నాను. మీరు చెప్పిన అధ్యయనం జబ్బు వచ్చాక వెనక్కి తిరిగి ‘ఏం తిన్నారు’ అని అడిగింది. అలా అడిగినప్పుడు నూనె గుణం ఎంత, ఆ నూనె వాడే కుటుంబాల మిగతా అలవాట్ల గుణం ఎంత అన్నది విడదీయడం కష్టం. చీటీ వేసి జనాన్ని జట్లుగా విడగొట్టి, ఏళ్ళ తరబడి గమనించిన ప్రయోగం కావాలి. స్పెయిన్‌లో ఆలివ్ నూనెతో, గింజపప్పులతో అటువంటిదే చేశారు. 2013లో ఫలితాలు ప్రకటించాక చీటీలు వేసిన పద్ధతిలోనే లోపాలు బయటపడి, 2018లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించి, లెక్కలు సవరించి తిరిగి ప్రచురించారు. మేలు కనిపించిందన్న మాట నిలబడింది గానీ, మునుపటంత ధీమాగా చెప్పలేకపోయారు. అంత పెద్ద ప్రయోగానికే ఆ గతి పడితే, మీ 350 మంది మాట ఎంత?

పైగా ఆవనూనెలో ఎరూసిక్ ఆమ్లం అనే ఒక రకం కొవ్వు ఉందని అమెరికాలో దానిని వంటనూనెగా అమ్మనివ్వరు. 1998లో ఢిల్లీలో ఆవనూనె తిని జనం ఒళ్ళు వాచి చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

గుణుపురం_మేష్టారు

అమ్మా, ఢిల్లీలో జనాన్ని చంపింది ఆవగింజ కాదు, దానిలో కలిసిన బ్రహ్మదండి గింజల నూనె. కల్తీ చేసినవాడి నేరాన్ని గింజకు అంటగట్టడం న్యాయం కాదు. ఎరూసిక్ ఆమ్లం భయం ఎలుకల మీద జరిపిన ప్రయోగాలనుంచి పుట్టింది. ఎలుకల ఒంటికి ఆ ఆమ్లాన్ని అరిగించుకునే శక్తి తక్కువ. తరగతిలో ఈ మాట అడిగిన పిల్లలకు నేను మార్కులు వేసేవాణ్ణి, మీకు వేయలేను.

పర్లాకిమిడి_కోడలు

మార్కులు మీ దగ్గరే ఉంచుకోండి. వేరుశనగ, ఆవ, నువ్వులు, ఏది వాడినా మితంగా వాడితే పెద్ద తేడా లేదని నా ఉద్దేశం. వెన్న, వనస్పతి, పామాయిల్ వంటి వాటిని తగ్గించి గింజనూనెలకు మారితే ఎల్.డి.ఎల్. తగ్గుతుందన్నదానికి మాత్రం గట్టి ఆధారాలున్నాయి. పామాయిల్‌లో సగానికి సగం గడ్డకట్టే రకం కొవ్వే. సాయంత్రం బజారులో పకోడీలు వేయించే మూకుడులో ఏం మరుగుతోందో చూడని మగవాళ్ళు ఇంట్లో గిన్నెడు నూనె గురించి ఉపన్యాసాలు ఇవ్వడం నాకు విడ్డూరంగా ఉంటుంది.

రాయగడ_మందులకొట్టు

నూనె గొడవలో ఆ అబ్బాయి అడిగిన మాత్ర సంగతి మరుగున పడింది. నేను 24 ఏళ్ళుగా మందులు అమ్ముతున్నాను, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలను గురించి నాకు మరొకరు చెప్పనక్కరలేదు. 1994లో స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండెరోగుల మీద సిమ్వాస్టాటిన్ పరీక్షించినప్పుడు మరణాలు 30 శాతం తగ్గాయి. తరువాత అనేక ప్రయోగాల లెక్కలు కలిపి చూస్తే, ఎల్.డి.ఎల్. సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం వంటివి అయిదో వంతు తగ్గుతున్నాయి. ఇంత తేలిన తరువాత కూడా, ‘కాళ్ళు పీకుతున్నాయి, మాత్ర మానేశాను’ అని వచ్చేవాళ్ళు నా కొట్టుకు వారానికి ముగ్గురు తప్పరు. 2020లో ఇంగ్లండులో అలా మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు మందులేని ఉత్తి మాత్ర, కొన్ని నెలలు ఏదీ లేకుండా ఇచ్చి చూశారు. అసలు మాత్రతో కలిగిన బాధల్లో 90 శాతం ఉత్తి మాత్రతోనూ కలిగాయి. బాధ అబద్ధమని కాదు, దానికి కారణం చాలావరకు మాత్రలోని మందు కాదు.

ఆస్పిరిన్ గురించి సందేహమే అక్కరలేదు. 40 దాటిన ప్రతివారూ రోజుకొక చిన్న మాత్ర వేసుకుంటే రక్తం పలచగా ఉంటుంది. తండ్రికి వచ్చింది కాబట్టి మీరు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.

జయపురం_నర్సమ్మ

మందులకొట్టు అన్నగారూ, చివరి రెండు వాక్యాలు దయచేసి వెనక్కి తీసుకోండి. గుండెజబ్బు లేని వృద్ధులు 19,114 మందితో ఆస్ట్రేలియా, అమెరికాల్లో జరిగిన ఆస్ప్రీ ప్రయోగం 2018లో వెలువడింది. రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకున్నవాళ్ళకు గుండెజబ్బు విషయంలో చెప్పుకోదగ్గ మేలు జరగలేదు, తీవ్రమైన రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. జబ్బు లేకుండా 60 దాటినవాళ్ళు దీనిని కొత్తగా మొదలుపెట్టవద్దని అమెరికా నిపుణుల సంఘం 2022లో చెప్పింది. ఎవరో చెప్పారని ఏడాదిపాటు వేసుకుని, కడుపులో పుండు పగిలి, రక్తం కక్కుతూ మా వార్డుకు వచ్చిన ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని రాత్రంతా కూర్చున్నదాన్ని నేను. మీరు కౌంటరు వెనకనుంచి మాట్లాడుతున్నారు.

తమ్ముడూ, ఇది చదివి మీ నాన్నగారి ఆస్పిరిన్ ఆపించవద్దు. ఆయనకు జబ్బు వచ్చింది, స్టెంటు ఉంది. ఆయన మాత్ర డాక్టరు ఆపమంటేనే ఆపాలి. మీ సంగతి వేరు.

వెల్లుల్లి మాటకూ ఇక్కడే జవాబు చెప్తాను. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 192 మందికి ఆరు నెలలపాటు వెల్లుల్లి ఇచ్చి చూస్తే ఎల్.డి.ఎల్. కదలలేదు. పప్పులో తాలింపుకు వేసుకోండి, బాగుంటుంది.

రాయగడ_మందులకొట్టు

డాక్టరు చీటీ లేకుండా నేను ఎవరికీ ఇవ్వడం లేదు. డాక్టర్లే ఏళ్ళ తరబడి 40 దాటినవాళ్ళకు రాస్తూ వచ్చారు, ఆ తప్పు కొట్టువాడి నెత్తిన రుద్దవద్దు. సరే, 31 ఏళ్ళవాణ్ణి మొదలుపెట్టమన్న మాట మాత్రం ఉపసంహరించుకుంటున్నాను.

అప్పడాల_ఇల్లు, బరంపురం

బరంపురం అప్పడాలంటే ఊరంతా గర్వంగా చెప్పుకుంటుంది, గుండె డాక్టరు మాత్రం చీటీ మీద మొట్టమొదట కొట్టివేసేది మా అప్పడాన్నే. మా అమ్మ నాటినుంచి మాకు ఇదే జీవనాధారం. రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందట. ఎండుచేప, ఊరగాయ, పఖాళలో (చద్దన్నంలో) నంజుకునే ఉప్పుమిరపకాయ, వీటిని లెక్కలోకి తీసుకోకుండా రెండు అప్పడాల మీద పడటం అన్యాయం కాదా?

నేనూ ఊరకే కూర్చోలేదు. చైనాలో 600 పల్లెల్లో 20,995 మందితో చేసిన ప్రయోగం 2021లో వచ్చింది. మూడు వంతులు మామూలు ఉప్పు, ఒక వంతు పొటాషియం ఉప్పు కలిపి ఇస్తే పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయి. ఆ రకం ఉప్పు తెప్పించి, గత నెలనుంచి దానితోనే అప్పడాలు చేస్తున్నాను. రుచిలో తేడా ఎవరూ పట్టలేకపోయారు. ఇక్కడ ఇంతమంది పండితులు ఉన్నారు కదా, ఒక్కరూ ఈ ముక్క ఎత్తలేదేం?

ఇచ్ఛాపురం_బావ

అక్కగారూ, మీ పని మంచి ఉద్దేశంతో చేసిందే, కాని అది చదివి నాకు ఒళ్ళు జలదరించింది. మీ అప్పడాలు మా వైపు ఎన్ని వస్తాయో మీకు తెలుసు. ఉద్దానంలో, అంటే మా కవిటి, సోంపేట, కంచిలి, మందస మండలాల్లో, మూత్రపిండాలు చెడినవాళ్ళు ఎంతమందో, వాళ్ళలో ఎందరికి ఆ సంగతి ముదిరేదాకా తెలియదో మీరు విననిది కాదు. మధుమేహం ఉండదు, రక్తపోటూ పెద్దగా ఉండదు, కారణం ఇప్పటికీ తేలలేదు. మూత్రపిండాలు మంచివైతే ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపేస్తాయి. చెడినవి పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. గుండెను కాపాడటానికి వేసిన ఉప్పే గుండెను ఆపుతుంది. మీరు చెప్పిన చైనా ప్రయోగంలో తీవ్రమైన మూత్రపిండాల జబ్బు ఉన్న ఇళ్ళను ముందుగానే పక్కన పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఈ ఉప్పును సిఫారసు చేసినప్పుడు కూడా మూత్రపిండాల లోపం ఉన్నవాళ్ళనూ, గర్భిణులనూ, పిల్లలనూ మినహాయించింది.

మా తమ్ముడు డయాలిసిస్‌కు వెళ్ళి వస్తూ ఉంటాడు. వాడి కంచంలో అరటిపండు ముక్కకు కూడా లెక్క కట్టే ఇల్లు మాది.

అప్పడాల_ఇల్లు, బరంపురం

నన్ను హంతకురాలిని చేసి మాట్లాడుతున్నారు. ఒక అప్పడంలో పొటాషియం ఎంత ఉంటుందని మీ లెక్క?

ఇచ్ఛాపురం_బావ

ఒక అప్పడంలో తక్కువే కావచ్చు. ఆ మాట మీ పొట్లం మీద రాసి ఉందా లేదా అన్నదే నా ప్రశ్న. మామూలు అప్పడం అనుకుని తినే మనిషికి తెలిసే దారి లేదు.

అప్పడాల_ఇల్లు, బరంపురం

రాసి లేదు. నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. ఉన్న సరుకు మీ వైపు పంపడం ఆపేశాను. ఇక మీదట మామూలు ఉప్పే వాడతాను, కొలత మాత్రం తగ్గించి చూస్తాను. పిండిలో మిరియం, ఇంగువ కొంచెం పెంచితే ఉప్పు లోటు అంతగా తెలియదు.

గుడాఖు_మానినవాడు, ఛత్రపురం

ఉప్పు మీద, నూనె మీద ఇంత దూరం వచ్చారు గానీ పొగాకును మేష్టారు గారు ఒక్క మాటతో దాటించారు. మా మామ్మ నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. అంగుడి కాలుతుందని, క్యాన్సర్ వస్తుందని అందరూ అనేవాళ్ళు, గుండె మాట ఎవరూ అనలేదు. నేను సిగరెట్టు ముట్టలేదు కాబట్టి నాకు పొగాకు అలవాటు లేదని 15 ఏళ్ళు నన్ను నేనే మోసం చేసుకున్నాను. రోజుకు నాలుగుసార్లు గుడాఖు అనే పొగాకు ముద్దతో పళ్ళు తోముకునేవాణ్ణి. అదే ఇంటర్‌హార్ట్ సమాచారంలో నమిలే పొగాకు వాళ్ళకు కూడా గుండెపోటు అపాయం రెట్టింపు దాటింది, బీడీకైతే ఇంకా ఎక్కువ. ‘రోజుకు ఒక్కటే’ అనేవాళ్ళు 2018లో వచ్చిన మరో లెక్క చూడాలి: రోజుకు ఒక సిగరెట్టుతో వచ్చే అదనపు అపాయం, ఇరవైతో వచ్చేదానిలో సుమారు సగం ఉంటుంది, ఇరవయ్యో వంతు కాదు. నేను మానేసి 14 నెలలు అయింది. మొదటి పది రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు, మా ఆవిడను అడిగితే చెప్తుంది.

గోపాలపురం_నడక

నడక గురించి ఒక్క మాట. రోజుకు పదివేల అడుగులు అన్న అంకె వైద్యులు తేల్చింది కాదు, 1965 ప్రాంతంలో జపానులో అడుగులు లెక్కపెట్టే యంత్రానికి పెట్టిన పేరునుంచి వచ్చింది. అంతకంటే తక్కువ నడిచినా మేలు ఉంది. 1953లో లండను బస్సుల్లో డ్రైవర్లనూ, రోజంతా పైకీ కిందికీ మెట్లెక్కే కండక్టర్లనూ పోల్చి, కండక్టర్లకే గుండెజబ్బు తక్కువని చూపించారు. మేష్టారు గారి మెట్లకు కొంత ఆధారం దొరికినట్టే.

జయపురం_నర్సమ్మ

తమ్ముడూ, నూనెతో మొదలుపెట్టిన మీరు రక్తపోటు సంగతి అడగనే లేదు. 2015లో వచ్చిన స్ప్రింట్ ప్రయోగంలో 50 దాటిన 9,361 మందిలో పై అంకెను 140కి బదులు 120 లోపుకు తెచ్చినవాళ్ళకు పెద్ద గుండె ఉపద్రవాలు నాలుగో వంతు తగ్గాయి. మీ వయసుకు అదే లెక్క యథాతథంగా వర్తించదు, కానీ మీ అంకె ఎంతో మీకు తెలియాలి. అయిదు నిమిషాలు వెన్ను ఆనించి, పాదాలు నేలకు ఆనించి, మాట్లాడకుండా కూర్చున్నాక కొలవండి. బజారునుంచి పరుగెత్తుకు వచ్చి చూసుకున్న అంకె లెక్కలోకి రాదు.

పెద్దబజారు_కుర్రాడు, బరంపురం

నర్సమ్మ గారు చెప్పినట్టే కూర్చుని మూడు రోజులు చూశాను: 148/96, 144/92, 146/94. రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను, 168 సంగతీ అక్కడే అడుగుతాను. మా అమ్మ పుట్టిల్లు కంచిలి. అందుకని ఆమెకూ, నాకూ మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షకు ఇచ్చాము, ఉప్పు సంగతి ఆ ఫలితం వచ్చాకే. నేను అడిగిన లైపోప్రోటీన్ (ఎ)కు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

రాయగడ_మందులకొట్టు

అది పుట్టుకతో వచ్చే అంకె, తిండితో, నడకతో పెద్దగా మారదు. జీవితంలో ఒక్కసారి చూస్తే చాలునని యూరప్ వైద్యులు 2019 నుంచి చెప్తున్నారు. తండ్రికి 54కే వచ్చింది కాబట్టి మీరు చేయించుకోవడంలో అర్థం ఉంది. అది ఎక్కువగా ఉంటే దానిని తగ్గించే మాత్ర నా కొట్టులో లేదు. రక్తపోటు, ఎల్.డి.ఎల్. రెంటినీ ఇంకా గట్టిగా పట్టుకోవలసి ఉంటుంది. ఏ మాత్ర అయినా డాక్టరుతో మాట్లాడి వేసుకోండి, నన్ను అడిగి కాదు.

గుణుపురం_మేష్టారు

అన్నీ బాగున్నాయి. పర్లాకిమిడి అమ్మాయి ఎలుకల సంగతికి ఇంకా సమాధానం చెప్పలేదు.